చుట్టూ చెక్కితే మిగిలిన అక్షరం: ఆల్బర్టస్ స్వభావం, వాడకం

ఆల్బర్టస్ ఫాంటులోని కేపిటల్ ఐ అక్షరాన్ని 300 పాయింట్లకు పెంచి, పక్కన ఒక స్కేలు ఆనించి చూడాలి. దూరం నుంచి నిటారు గీతలా కనిపించింది కాస్తా నిటారుగా ఉండదు. నడుము దగ్గర సన్నగా ఉండి, పైకీ కిందికీ పోయేకొద్దీ మెల్లగా విచ్చుకుంటుంది. కొసన విడిగా అతికించిన అడ్డగీత ఏదీ లేదు. గీతే వెడల్పై అక్కడితో ఆగిపోయింది. టైమ్స్ రోమన్‌లో సెరిఫ్, అంటే గీత కొసన ఉండే ఆ అడ్డగీత, కాలికి తొడిగిన చెప్పు లాంటిది. ఇక్కడ చెప్పు లేదు, పాదమే కాస్త వెడల్పు.

ఇలా కొస విచ్చుకునే అక్షరాలను ఫ్లేర్డ్ సెరిఫ్ అంటారు. 1954లో మాక్సిమిలియన్ వోక్స్ అక్షరాలకు చేసిన వర్గీకరణలో వీటికి దక్కిన పేరుకి అర్థం ‘చెక్కినవి’. రాతిలోకి ఉలితో తొలిచిన రోమన్ శాసనాలు ఆ పేరుకి మూలం. ఆల్బర్టస్‌ను కూడా ఈ వర్గంలోనే చేరుస్తారు. కానీ దీన్ని లోపలికి తొలవలేదు. అక్షరం చుట్టూ ఉన్న లోహాన్ని తీసేస్తే మిగిలిన ఆకారం ఇది. తేడా చిన్నదే అనిపించవచ్చు. కానీ ఈ ఫాంటు ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ చెడిపోతుంది అన్న ప్రశ్నలకు చాలావరకు జవాబు అందులోనే ఉంది.

దీన్ని గీసిన బెర్తోల్డ్ వోల్పె 1905లో జర్మనీలోని ఆఫెన్‌బాక్‌లో పుట్టాడు. ముందు లోహపు పని నేర్చుకుని, ఆ తరవాత అదే ఊళ్లో రుడాల్ఫ్ కోచ్ దగ్గర అక్షరకళ చదువుకున్నాడు. అతను కంచు ఫలకాల మీద చెక్కిన అక్షరాలు అచ్చు అక్షరాలు తయారుచేసే మోనోటైప్ సంస్థ సలహాదారు స్టాన్లీ మోరిసన్ కంట పడ్డాయి. 1932లో వోల్పె లండన్ వెళ్లినప్పుడు, ఆ అక్షరాల ఆధారంగా ఒక అచ్చు ముఖాన్ని గీసి ఇమ్మని మోరిసన్ అడిగాడు. ముందు కేపిటల్ అక్షరాలు మాత్రమే వచ్చాయి. చిన్న అక్షరాలు, మిగతా బరువులు (గీత మందాన్ని బట్టి వచ్చే రకాలు) 1940 దాకా ఒక్కొక్కటిగా చేరాయి. ఈలోగా జర్మనీలో నాజీల పాలన వచ్చింది. యూదుడైన వోల్పె 1935లో ఇంగ్లండ్‌కి వలస వచ్చి, 1989లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. పదమూడో శతాబ్దపు జర్మన్ తత్త్వవేత్త ఆల్బర్టస్ మాగ్నస్ పేరునే ఈ ఫాంటుకి పెట్టారు.

కంచు ఫలకం మీద పని ఎలా సాగుతుందో ఒకసారి ఊహించుకోవాలి. అక్షరం ఉబ్బెత్తుగా పైకి ఉండాలంటే దాని చుట్టూ ఉన్న లోహాన్ని ఉలితో తీసేయాలి. ఉలి ఎప్పుడూ అక్షరానికి బయటే తిరుగుతుంది. సన్నటి, పొడుగాటి సెరిఫ్‌ని అలా మిగల్చడం చాలా కష్టం. రెండు పక్కల నుంచీ లోహం పోతే ఆ సన్నటి ముక్క విరిగిపోతుంది, లేదా వంగిపోతుంది. అందుకని పనివాడు సెరిఫ్‌ని తగ్గించుకుంటూ వచ్చి, కొస దగ్గర లోహాన్ని కాస్త ఎక్కువ వదిలేస్తాడు. ఆ వదిలేసిన లోహమే విచ్చుకున్న కొస. మూల మాత్రం పదునుగానే వస్తుంది, ఎందుకంటే బయటి మూలని రెండు కోతల్లో తేల్చేయవచ్చు. కలంతో రాసినప్పుడు వచ్చే సన్నం, లావు మార్పులు ఇక్కడ తక్కువ. అందుకే ఆల్బర్టస్ పదునుగా ఉంటుంది గానీ ముళ్లలా గుచ్చుకోదు, లావుగా ఉంటుంది గానీ మొద్దుబారి కనిపించదు.

ఈ పద్ధతి గుర్తులు మిగతా అక్షరాల్లోనూ ఉన్నాయి. కేపిటల్ ఎమ్‌లో నడిమి గీతలు బేస్‌లైన్ (అక్షరాలు నిలబడే కింది గీత) దాకా దిగవు, సగం దారిలోనే కలుసుకుంటాయి. కిందిదాకా దించితే లావు గీతల మధ్య ఖాళీ మూసుకుపోయి అక్షరం నల్లటి దిమ్మ అయ్యేది. కేపిటల్ యు కుడివైపు కింది దాకా నిలువు గీత ఉంటుంది, చిన్న యునే పెద్దది చేసినట్టు. ఈ రెండూ ఆల్బర్టస్‌ను చూడగానే పట్టించే ఆనవాళ్లు. పాత బోర్డు మీదో పుస్తకం అట్ట మీదో అక్షరాలు అనుమానంగా తోస్తే ముందు ఎమ్‌ని, యుని వెతకాలి.

ఆప్టిమా అనే ఇంకో ఫాంటుతో పోల్చితే స్వభావం ఇంకా తేటపడుతుంది. దాన్ని గీసిన హెర్మన్ జాఫ్ 1950లో ఫ్లోరెన్స్‌లోని శాంతా క్రోచె చర్చిలో సమాధి రాళ్ల మీది అక్షరాలు చూసి, చేతిలో ఉన్న వెయ్యి లీరాల నోటు మీద వాటిని గీసుకున్నాడు. 1958లో అది ఆప్టిమాగా బయటికొచ్చింది. అందులోనూ కొసలు విచ్చుకుంటాయి, కానీ ఎంత కొద్దిగా అంటే చాలామంది దాన్ని సెరిఫ్ లేని ఫాంటనే అనుకుంటారు. వాషింగ్టన్‌లోని వియత్నాం యుద్ధ స్మారకం మీద 58,000కు పైగా పేర్లు ఆప్టిమాలో ఉన్నాయి. ఒక్కో అక్షరం ఎత్తు సుమారు 13 మి.మీ. మాత్రమే. అంత చిన్న అక్షరాలను, అన్ని వేల పేర్లను నల్లరాతిలోకి దించాలంటే నెమ్మదైన ఆప్టిమాయే సరి. అక్కడ ఆల్బర్టస్ వాడి ఉంటే ప్రతి పేరూ శీర్షికలా గొంతెత్తేది.

ఎంత సైజులో పనిచేస్తుంది

విచ్చుకున్న కొస కనబడకపోతే ఈ ఫాంటు వాడి ప్రయోజనం లేదు. అది కనబడుతుందా లేదా అన్నది ఒక చిన్న లెక్కతో తేలిపోతుంది. చాలా ఫాంట్లలో అక్షరం గీసే చదరాన్ని 1000 యూనిట్లుగా విడదీస్తారు. నిలువు గీత నడుముకన్నా కొస ఒక్కో పక్కకు 25 యూనిట్లు ఎక్కువ అనుకుందాం. మామూలు తెర మీద 16 పిక్సెళ్ల సైజులో ఒక పిక్సెల్ అంటే 62.5 యూనిట్లు. అంటే విచ్చుకున్న భాగం అర పిక్సెల్ కూడా లేదు. తెర దాన్ని బూడిదరంగు మరకగా చూపిస్తుంది, లేదా మింగేస్తుంది. 48 పిక్సెళ్ల దగ్గర అదే కొస 1.2 పిక్సెళ్లవుతుంది, 72 దగ్గర 1.8. ఇప్పటి ఫోన్ తెరల్లో పిక్సెళ్ల సాంద్రత రెండు మూడింతలు ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకాస్త చిన్న సైజు చెల్లుతుంది. అయినా మామూలు తెరకి 40 పిక్సెళ్లకన్నా తగ్గకపోవడమే మంచిది.

కాగితం మీద పరిస్థితి మెరుగు. మంచి ఆర్ట్ పేపర్ మీద ఆఫ్‌సెట్ అచ్చులో 14 పాయింట్ల చిన్న శీర్షిక కూడా శుభ్రంగా వస్తుంది. న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకి మూలలు గుండ్రమైపోతాయి, అందుకని 24 పాయింట్ల లోపు పెట్టకూడదు. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల) పాత లేజర్ ప్రింటర్లలో ఇంకో చిక్కు ఉండేది. 12 పాయింట్ల అక్షరం ఎత్తంతా కలిపి అక్కడ 50 చుక్కలే. నెమ్మదిగా విచ్చుకోవాల్సిన గీత ఒక చుక్క దగ్గర ఠక్కున మెట్టు ఎక్కినట్టు అచ్చయ్యేది. ఆప్టిమాని ఈ సమస్య మరీ వేధించింది, దాని విచ్చుకోవడమే ఒక చుక్క మందం కాబట్టి.

వ్యాసం మొత్తాన్ని ఆల్బర్టస్‌లో కూర్చడం పొరపాటు. లావు, బిగువు ఉన్న అక్షరాలు పేజీ నిండితే నలుపెక్కువై కన్ను అలిసిపోతుంది. ఒకటి నుంచి ఆరేడు మాటల దాకా దానికి తగిన మోతాదు. లోపలి పాఠానికి సాదా సెరిఫ్ ఏదైనా పక్కన బాగుంటుంది. ఇంకో విచ్చుకునే ఫాంటును మాత్రం జత చేయకూడదు. దగ్గరి పోలికల రెండు ఫాంట్లు ఒకే పేజీలో ఉంటే పొరపాటున కలిసిపోయినట్టు కనిపిస్తాయి.

అక్షరాల మధ్య దూరం విషయంలో చాలా డిజైన్లు పాడవుతాయి. విచ్చుకున్న కొసలు పక్కక్షరానికి అన్నిటికన్నా ముందు తగులుతాయి. ఎన్, ఐ, హెచ్ లాంటి నిలువు గీతల అక్షరాలు పక్కపక్కన ఉన్నప్పుడు ట్రాకింగ్‌ని (మాట మొత్తంలో అక్షరాల దూరాన్ని ఒకేలా మార్చే అంకెని) మైనస్‌లో పెడితే బేస్‌లైన్ దగ్గర, తల దగ్గర కొసలు అతుక్కుంటాయి, నడుముల మధ్య మాత్రం ఖాళీ మిగులుతుంది. మాట కంచె గేటులా తయారవుతుంది. కేపిటల్స్ మాత్రమే వాడితే ఫోటోషాప్, ఇన్‌డిజైన్‌లలో ట్రాకింగ్ 20 నుంచి 60 మధ్య పెట్టాలి. సైజు పెరిగేకొద్దీ ఈ అంకెని తగ్గించుకోవచ్చు. చిన్న అక్షరాలున్న మాటకి సున్నాయే సరి. ఎల్ పక్కన ఎ, టి పక్కన ఎ వచ్చినప్పుడు ఖాళీ ఎక్కువ తక్కువలవుతుంది, వాటిని కెర్నింగ్‌తో, అంటే ఆ రెండక్షరాల మధ్య దూరాన్ని విడిగా మార్చి, చేత్తో సరిచేయాలి. సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలంటే మాటని తలకిందులుగా తిప్పి చూడటం పాత పద్ధతి, ఇప్పటికీ అంతకన్నా మంచిది లేదు. అర్థం కనబడనప్పుడు కన్ను ఖాళీలనే చూస్తుంది.

చెడేది ఎక్కడ

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు దొంగ బోల్డ్. ఫాంటులో బోల్డ్ ఫైలు లేకపోయినా వర్డ్‌లోనో బ్రౌజర్‌లోనో బోల్డ్ బటన్ నొక్కితే ప్రోగ్రామ్ తనంతట తానే గీతకి చుట్టూ మందం అద్దుతుంది. నడుము 120 యూనిట్లు, కొస 170 ఉన్న గీతని తీసుకుందాం. కొస నడుముకి 1.42 రెట్లు. రెండు పక్కలా 20 చొప్పున అద్దితే నడుము 160, కొస 210. ఇప్పుడు 1.31 రెట్లే. మందం పెరిగింది, విచ్చుకోవడం తగ్గింది. పైగా చిన్న ఇ, ఎ అక్షరాల కడుపులోని ఖాళీ పూడుకుపోతుంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మార్సెలస్ ఈ కోవలో చక్కని అక్షరం, కానీ అది ఒకే బరువులో ఉంది. దానికి బోల్డ్ పెట్టిన ప్రతి వెబ్‌పేజీలో కనిపించేది దొంగ బోల్డే. వెబ్‌పేజీ స్టైల్‌షీట్‌లో font-synthesis: none అని పెడితే బ్రౌజర్ ఈ పని మానేస్తుంది. నిజంగా లావుపాటిది కావాలంటే సింజెల్ అనే ఫాంటు ఉంది. 400 నుంచి 900 దాకా బరువులున్నాయి, అయితే అందులో చిన్న అక్షరాలు లేవు. ఆల్బర్టస్‌నే కోరుకునేవారికి తోషి ఒమగారి 2017లో తిరగగీసిన ఆల్బర్టస్ నోవాలో ఐదు బరువులు ఉన్నాయి. అది డబ్బిచ్చి కొనాల్సిన ఫాంటు. శీర్షికలే ముఖ్యమైన పనికి ఆ ఖర్చు సార్థకమే.

రెండోది అక్షరాన్ని అడ్డంగా నొక్కడం. బోర్డు వెడల్పు చాలలేదని 80 శాతానికి కుదిస్తే 120 యూనిట్ల నిలువు గీత 96 అవుతుంది. 90 ఉన్న అడ్డగీత 90గానే ఉండిపోతుంది. నిలువుకీ అడ్డానికీ ఉండాల్సిన తేడా చచ్చిపోయి అక్షరం నీరసంగా కనిపిస్తుంది. చోటు చాలకపోతే సైజు తగ్గించాలి, లేదా మాటని రెండు వరసలు చేయాలి. ఈ ఫాంటుకి రెండు వరసలు బాగా నప్పుతాయి కూడా. మొదట సీసపు అచ్చులో వచ్చిన టైట్లింగ్ (కేపిటల్స్ మాత్రమే ఉన్న) రకంలో కింది తోకలు లేవు కాబట్టి, వరసల మధ్య చోటు బాగా తగ్గించి దగ్గరగా పేర్చేవారు. కేపిటల్స్‌తో ఇప్పుడూ అలాగే చేయవచ్చు. లైన్ ఎత్తుని సైజుకి 0.95 రెట్ల దాకా దించినా చెడదు.

నీడలు, బెవెల్ (అంచు ఉబ్బినట్టు చూపే హంగు), అంచు చుట్టూ ఇంకో రంగు గీత: ఈ మూడింటినీ వదిలేయడమే మేలు. ఉబ్బెత్తు అక్షరపు బలం ఆ ఆకారంలోనే ఉంది, పైన మళ్లీ ఉబ్బు పెడితే మూలల పదును మసకబారుతుంది.

బోర్డు పనిలో వచ్చే చిక్కులు వేరు. వీటి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే వోల్పె ఉలికి జరిగిందే ఇప్పటి సీఎన్‌సీ రౌటర్‌కీ (కంప్యూటర్ నడిపే చెక్కుడు యంత్రానికీ) జరుగుతోంది. 100 మి.మీ. ఎత్తు అక్షరాలు, కొస వెడల్పు 20 మి.మీ. అనుకుందాం. రౌటర్ బిట్ గుండ్రంగా తిరిగే పనిముట్టు. అక్షరం ఉబ్బెత్తుగా మిగలాలంటే బిట్ దాని బయట తిరుగుతుంది, కొసల మూలలు కత్తిలా వస్తాయి. అదే అక్షరాన్ని చెక్కలోకి గుంటగా తొలవమంటే బిట్ లోపల తిరగాలి. 6 మి.మీ. బిట్‌కి వ్యాసార్ధం 3 మి.మీ., అంతకన్నా ఇరుకైన మూలలోకి అది పోలేదు. విచ్చుకున్న కొస మూల 80 డిగ్రీలుంటే ఒక్కో అంచు మీద సుమారు 3.5 మి.మీ. గుండ్రమైపోతుంది. రెండు మూలలూ కలిపి 20లో 7 మి.మీ. పోయినట్టు. విచ్చుకోవడం మాయమై, కొస వేలి చివరలా అవుతుంది. 3 మి.మీ. బిట్ వాడితే నష్టం సగానికి తగ్గుతుంది. గుంటగానే కావాలంటే వి ఆకారపు బిట్ వాడాలి. మూల దగ్గరికి వచ్చేసరికి అది పైకి లేస్తుంది కాబట్టి పదును నిలుస్తుంది. ఎంచుకునే వీలుంటే మాత్రం ఉబ్బెత్తుగానే చేయించాలి. ఈ అక్షరం పుట్టింది అందుకే.

వినైల్ కటింగ్‌లో, అంటే అంటించే ప్లాస్టిక్ పొరని అక్షరాలుగా కోసినప్పుడు, సన్నటి మూలలే ముందు లేస్తాయి. 25 మి.మీ. కన్నా తక్కువ ఎత్తు అక్షరాలను బయటి గోడకి వినైల్‌లో పెట్టకపోవడం మంచిది. వెనక నుంచి లైటు వెలిగే బోర్డుల్లో తెల్లని అక్షరం తన అంచులు దాటి మెరుస్తుంది, రాత్రిపూట కొసలు గుండ్రంగా, అక్షరం లావుగా కనిపిస్తుంది. అక్కడ ఒక బరువు తక్కువది ఎంచుకుంటే పగలూ రాత్రీ సరిపోతుంది.

పాత కంప్యూటర్లలో ఇంకో గందరగోళం ఉండేది. హెచ్‌పీ లేజర్‌జెట్ ప్రింటర్లలో ఆల్బర్టస్ మీడియం, ఆల్బర్టస్ ఎక్స్‌ట్రా బోల్డ్ లోపలే అమర్చి ఉండేవి. ప్రింటర్‌లో ఫాంటు ఉంది, కంప్యూటర్‌లో లేదు. తెర మీద వేరే అక్షరం చూపించి, కాగితం మీద ఆల్బర్టస్ వచ్చేది. ఆ కాలపు ఫైలుని ఇప్పుడు తెరిస్తే వరసల విరుపులు మారిపోతాయి. అలాంటి పాత శీర్షికను మళ్లీ అచ్చు వేయాలంటే అచ్చైన కాగితాన్నే కొలతగా పెట్టుకోవాలి.

దానికి సరిపడే చోట్లు

వోల్పె 1941లో ఫేబర్ అండ్ ఫేబర్ ప్రచురణ సంస్థలో చేరి 1975 దాకా అక్కడే పనిచేశాడు. 1500కు పైగా పుస్తకాల అట్టలు చేశాడు. బొమ్మ లేకుండా అక్షరాలూ రంగులూ మాత్రమే అట్టని నిలబెట్టగలవని ఆ పని రుజువు చేసింది. లండన్ నగరం నడిబొడ్డున ఉన్న సిటీ ఆఫ్ లండన్ వీధి పేర్ల పలకలు 1988 నుంచి ఆల్బర్టస్‌లో ఉన్నాయి. ఒకటి రెండు మాటలు, పెద్ద సైజు, గోడ మీద స్థిరమైన చోటు, నడిచేవాళ్లు కొన్ని అడుగుల దూరం నుంచి చదవడం. ఈ ఫాంటుకి కావలసినవన్నీ అక్కడ కుదిరాయి. వేగంగా పోయే వాహనాల కోసం పెట్టే హైవే బోర్డుకి ఇది పనికిరాదు. అక్కడ అక్షరానికి వ్యక్తిత్వం కన్నా లోపలి ఖాళీలు పెద్దవిగా ఉండటం ముఖ్యం. 1967లో మొదలైన ద ప్రిజనర్ అనే బ్రిటిష్ టీవీ ధారావాహికలో ఊరంతా ఇదే అక్షరం. చిన్న ఐ, జె మీది చుక్కలు తీసేసి, ఇ కడుపు తెరిచి మార్చుకున్నారు. అంత చిన్న మార్పుతోనే తెలిసిన అక్షరం తెలియని ఊరి అక్షరమైంది. పాతదనం, అధికారం, కొంచెం అంతుచిక్కనితనం మూడూ దీని రూపంలో కలిసి ఉన్నాయి. మ్యూజియం, గ్రంథాలయం, ప్రచురణ సంస్థ, శిలాఫలకం దానికి సొంతిళ్లు. పసిపిల్లల బట్టల దుకాణానికి, ఫోన్ యాప్ బటన్లకి అది బరువు.

తెలుగు పక్కన పెట్టేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. తాటాకు మీద గంటంతో గీసినప్పుడు గీత పొడుగునా ఒకే సన్నం, మలుపులన్నీ గుండ్రం. మన అక్షరాల ఒడుపు ఆ పనిముట్టుకి దగ్గర, ఉలికి దూరం. కాబట్టి ఆల్బర్టస్‌కి జోడీగా తెలుగు గీతల కొసలని విచ్చుకునేలా గీస్తే నప్పదు. తలకట్టు కుడి కొసకి అది బాగానే ఉంటుంది గానీ, లోపలికి చుట్టుకునే కొసలకి పెడితే అవి కొక్కేలవుతాయి. పోలిక రూపంలో కాదు, బరువులో కుదరాలి. ఇంగ్లీషు ఐ నడుము మందాన్ని, తెలుగు ‘ర’లో అన్నిటికన్నా లావైన చోటి మందాన్ని ఒకే కాగితం మీద 72 పాయింట్లలో అచ్చు తీసి కొలవాలి. బోల్డ్ అన్న పేరు చూసి జత కలపకూడదు, ఒక ఫాంటు బోల్డ్ ఇంకోదాని మీడియం కన్నా సన్నగా ఉండొచ్చు. మందాలు దగ్గరయ్యాక తలకట్టుతో సహా ‘న’ ఎత్తు ఇంగ్లీషు కేపిటల్ ఎత్తుకి సమానమయ్యేలా సైజు సర్దాలి. సాధారణంగా రెండు సైజులూ ఒకే అంకె కావు.

తెలుగు పైన, ఇంగ్లీషు కింద పెట్టడం మన బోర్డుల ఆనవాయితీ. పేరులో వత్తులుంటే ఖాళీ ఎక్కువ వదలాలి. ‘శాస్త్రి’, ‘రాష్ట్ర’ లాంటి మాటల్లో వత్తుల కింది అంచు నుంచి ఇంగ్లీషు తల దాకా కొలవాలి గానీ, తెలుగు బేస్‌లైన్ నుంచి కాదు. ఆ దూరం ఇంగ్లీషు కేపిటల్ ఎత్తులో మూడో వంతు ఉంటే రెండూ ఊపిరి పీల్చుకుంటాయి. బోర్డు మీద ధర కూడా రాయాల్సి వస్తే రూపాయి గుర్తుని ముందే టైపు చేసి చూసుకోవాలి. అది 2010లో వచ్చింది, అంతకుముందు తయారైన ఆల్బర్టస్ ఫైళ్లలో ఉండదు. ప్రోగ్రామ్ ఏదో వేరే ఫాంటు నుంచి తెచ్చి పెడుతుంది, లావు అంకెల ముందు సన్నటి గుర్తు నిలబడుతుంది. అప్పుడు ‘రూ.’ అని తెలుగులోనే రాయడం శుభ్రంగా ఉంటుంది.